గ్రీన్‌పాయింట్‌లో పోలిష్ ఇంటావిడ దగ్గర ఇల్లు దొరికిన తీరు: నా అనుభవం

బ్రూక్లిన్ ఉత్తరపు కొసన ఉన్న గ్రీన్‌పాయింట్‌లో మా అద్దె ఇంటి తాళాలు 2025 అక్టోబరు 31 సాయంత్రం చేతికొచ్చాయి. వెతకడం మొదలుపెట్టింది ఆగస్టు మధ్యలో. పోలండ్ నుంచి వచ్చినవాళ్ళ పేటగా పేరుపడ్డ ఆ చోట మీకు ఇల్లు ఎలా దొరికిందని జెర్సీ సిటీలోని మనవాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ప్రతిసారీ సగం చెప్పేసరికి పాప ఏడుపో, పొయ్యి మీద పాలో గుర్తొచ్చి ఆపేస్తున్నాను. అందుకని మొత్తం ఒకేసారి రాస్తున్నాను.

జెర్సీ సిటీలో మేముండే అపార్ట్‌మెంటు వాళ్ళు ఆగస్టు 14న ఉత్తరం పంపారు. నవంబరు నుంచి అద్దె నెలకు 420 డాలర్లు ఎక్కువ. అంతకు ముందే నా ఆఫీసు లాంగ్ ఐలాండ్ సిటీకి మారింది. హడ్సన్ నది దాటి, మన్‌హాటన్ దాటి, మళ్ళీ ఈస్ట్ రివర్ దాటి రోజూ వెళ్ళి రావడంతో తలప్రాణం తోకకొస్తోంది. మావారు ఇంటి నుంచే పని చేస్తారు, పాపకు నాలుగేళ్ళు. మ్యాపులో మా ఆఫీసు చుట్టూ వేలితో గీత గీస్తే న్యూటౌన్ క్రీక్ అనే పాయకు అవతల గ్రీన్‌పాయింట్ కనిపించింది. మధ్యలో పులాస్కీ వంతెన. నడిచి వెళ్ళిపోవచ్చు. మేం ఆ పేటను ఎంచుకోవడానికి కారణం ఆ వంతెనే, పోలిష్ సంస్కృతి మీద మక్కువ కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది.

మొదటి రెండు వారాలూ నది ఒడ్డున ఉన్న కొత్త టవర్లు చూశాం. 2005లో నగరం ఆ ఒడ్డు జోనింగును, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చన్న నిబంధనలను, మార్చింది. గోదాములూ కర్మాగారాలూ ఉన్న చోట అద్దాల భవనాలు లేవడం ఆ తర్వాతి సంగతే. అక్కడ అంతా చకచకా అయిపోతుంది. కంప్యూటర్‌లో కాగితాలు ఎక్కిస్తే రెండు రోజుల్లో అవుననో కాదనో చెప్పేస్తారు. ఏడాది జీతం నెల అద్దెకు నలభై రెట్లు ఉండాలన్నది వాళ్ళ లెక్క. ఒక్క పడకగదికి 4,900 డాలర్లు అడిగారు. ప్రకటనలో వేసిన అద్దె ఇంకా తక్కువే. 'ఒక నెల ఉచితం' అని, ఆ ఉచితాన్ని ఏడాది మీద పరిచి తగ్గించి చూపిస్తారు. నెలనెలా కట్టేది మాత్రం అసలు అద్దె, వచ్చే ఏడాది పెంచేది కూడా దాని మీదే. చూడబోయేవాళ్ళు 'నెలకు నేను రాయాల్సిన చెక్కు ఎంత?' అని ఒక్క ప్రశ్న అడగండి, చాలు.

ఆ టవర్ల నుంచి నాలుగు వీధులు లోపలికి నడిస్తే వేరే ఊరు. ఉత్తరం వైపు వీధుల పేర్లు ఇంగ్లిష్ అక్షరమాల వరుసలో ఉంటాయి: యాష్, బాక్స్, క్లే, డూపాంట్, ఈగిల్, ఫ్రీమన్, గ్రీన్, హ్యూరన్, ఇండియా, జావా. 'ఇండియా వీధిలోనే చూడమ్మా, చిరునామా గుర్తుంటుంది' అని నాన్న ఫోనులో ఒకటే నవ్వు. అక్కడ దొరకలేదు. పేటకు నడుమగా సాగే మన్‌హాటన్ ఎవెన్యూ మీద మందుల దుకాణాలకు 'ఆప్తెకా' అన్న బోర్డులుంటాయి. మాంసం కొట్ల అద్దాల వెనక పొగబెట్టిన సాసేజీలు వరసగా వేలాడుతుంటాయి, ఆ వాసన ఫుట్‌పాత్ దాకా వస్తుంది. పోలండ్‌కు పార్సిళ్ళు పంపే కొట్లూ, రొట్టెల దుకాణాలూ, పోలిష్ వార్తాపత్రికలూ ఉన్నాయి. వాటి మధ్యలోనే ఏడు డాలర్ల కాఫీ అమ్మే కొత్త కొట్లు. మూడేళ్ళలో ఈ రెండోరకం ఎన్ని పెరిగాయో అక్కడివాళ్ళు అడగకుండానే చెబుతారు.

సెప్టెంబరు 13న, శనివారం, ఒక రొట్టెల దుకాణం కిటికీకి అంటించిన కాగితం చూశాను. నీలం సిరాతో చేతిరాత, కింద ఫోను నంబరు రాసిన చీలికలు. ఫోనుతో చదివిస్తే 'రెండో అంతస్తు, నెమ్మదైన కుటుంబానికి, నవంబరు నుంచి' అని వచ్చింది. అప్పుడే ఫోను చేశాను. పోలిష్‌లో రికార్డు చేసిన గొంతు, ఆ తర్వాత బీప్. ఇంగ్లిష్‌లో నా పేరూ నంబరూ చెప్పి పెట్టేశాను. జవాబు లేదు. వారం గడిచినా లేదు. టవర్ల వాళ్ళేమో 'మీ కోసం ఇల్లు ఇంకా ఉంచాం' అని రోజూ సందేశాలు. ఆ వారం సరిగ్గా నిద్రపట్టలేదు. జెర్సీ సిటీ వాళ్ళకు ఉంటామో ఖాళీ చేస్తామో సెప్టెంబరు 30 లోపు రాసివ్వాలి.

తర్వాతి శనివారం మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళి కౌంటరులో ఉన్నావిడను అడిగాను. 'తెలియని నంబరు ఎత్తదు. ఆమెను పట్టుకోవాలంటే కూతురిని పట్టుకోవాలి. మీ నంబరు ఇవ్వండి, ఆదివారం చర్చిలో ఇస్తాను' అంది. అలా నా నంబరు ఒక బిల్లు కాగితం వెనక ఎక్కి సెయింట్ స్టానిస్లాస్ కోస్త్కా చర్చికి వెళ్ళింది. ఆ చర్చి ఈ పేటకు గుండెకాయ. తర్వాత పోప్ రెండో జాన్ పాల్ అయిన కరోల్ వొయ్‌తీవా 1969లో కార్డినల్ హోదాలో అక్కడికి వచ్చాడు. ఆ సంగతి ఇంటావిడ మాకు కనీసం మూడుసార్లు చెప్పింది, మొన్నటిదాకా.

24వ తేదీ రాత్రి కూతురు ఫోను చేసింది. న్యూజెర్సీలో ఉంటుంది, తల్లి తరఫున కాగితాలన్నీ ఆవిడే చూస్తుంది. ఆదివారం 28న పూజ అయ్యాక రమ్మంది. దళారీ ఎవరూ లేరు కాబట్టి కమిషన్ గొడవ లేదు. ఉన్నా ఇప్పుడు అద్దెకు వచ్చేవాళ్ళ మీద పడదు. 2025 జూన్ 11 నుంచి న్యూయార్క్ నగరంలో దళారీని ఎవరు పెట్టుకుంటే వాళ్ళే డబ్బు కట్టాలి. అంతకు ముందైతే ఏడాది అద్దెలో పన్నెండు, పదిహేను శాతం మన జేబులోంచి పోయేది.

ఉత్తచేతులతో వెళ్ళడం ఇష్టంలేక దారిలో పువ్వులు కొన్నాను. కొట్లో అతను ఎవరింటికని అడిగి, లెక్కపెట్టి పదకొండు చేసి కట్టాడు. సరి సంఖ్యలో పువ్వులు సమాధుల మీద పెడతారట. తలుపు తీయగానే నేను చెయ్యి చాపాను. ఆవిడ చెయ్యి అందుకోకుండా నా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగి, అప్పుడు కరచాలనం చేసింది. గడపకు అటొకరూ ఇటొకరూ నిలబడి చేతులు కలపకూడదన్నది వాళ్ళ నమ్మకం. గడప మీదుగా డబ్బో వస్తువో అందించబోతే మా అమ్మమ్మ ఇంతెత్తున లేచేది కాబట్టి నాకు ఇదేమీ వింతగా అనిపించలేదు. చెప్పులు బయటే విడవాలి. అతిథుల కోసం గుడ్డ చెప్పులు ఒక పెట్టెనిండా ఉన్నాయి. అప్పటిదాకా గొంతులో ఉన్న బెరుకు అక్కడ దిగిపోయింది.

ఇల్లు నూరేళ్ళ కిందటిది. బయట చెక్కకు ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంది. ముందు బారెడు స్థలంలో మేరీమాత బొమ్మ, చుట్టూ ఎర్రటి పూలకుండీలు. మూడు అంతస్తులు, మూడు వాటాలు. కింద ఆవిడ, పైన ఒక పోలిష్ తాపీపనివాడు, మధ్యది మాకు. ఇక్కడ 'రైల్‌రోడ్' ఇళ్ళంటారే, అదీ. నడవా లేదు, గదిలోంచి గదిలోకి వెళ్ళాలి. మావారి ఆఫీసు గది చేరాలంటే పడకగది దాటాలి. నడిమి గదులకు వెలుతురు తక్కువ. అంట్లు తోమే యంత్రం లేదు, బట్టలు ఉతికే యంత్రం లేదు. అద్దె 3,400.

ఆవిడ నన్ను జీతం అడగలేదు. ఏం వండుతారని అడిగింది. పప్పు, కూరలు, చారు, పోపు అన్నాను. పోపు అంటే ఏమిటో చేతులతో చూపించాను. 'పొగ వస్తుందా?' అంటే వస్తుందన్నాను. అబద్ధమాడి చేరితే మొదటి వారంలోనే బయటపడే విషయం అది. ఆవిడ కాసేపు ఆలోచించి, నన్ను కిందికి తీసుకెళ్ళి తన వంటగదిలో పులియబెట్టిన క్యాబేజీ జాడీ మూత తీసింది. ముక్కుపుటాలు అదిరాయి. 'పై వాటాలో అతను ఈ వాసన ఇన్నేళ్ళుగా భరిస్తున్నాడు' అంది.

టీ తాగుతూ తన కథ చెప్పింది. వోమ్జా దగ్గర పల్లె. 1981 డిసెంబరు 13న పోలండ్‌లో సైనిక శాసనం పెట్టారు. ఆ తర్వాత మూడేళ్ళకు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఈవిడ రాత్రిపూట మన్‌హాటన్ ఆఫీసులు తుడిచేది, ఆయన పాత భవనాల్లో ఆస్బెస్టాస్ పీకే పని చేసేవాడు. ఈ పేట పోలిష్ మగవాళ్ళలో చాలామంది బతుకుదెరువు అప్పట్లో అదే. 1991లో ఇల్లు కొన్నారు. ఇలాంటివాళ్ళకు పెద్ద బ్యాంకులు ఇంటి అప్పు ఇచ్చేవి కావు. ఆ ఇబ్బంది తీర్చుకోవడానికే 1976లో వాళ్ళలో వాళ్ళు పోలిష్ అండ్ స్లావిక్ క్రెడిట్ యూనియన్ పెట్టుకున్నారు. ఈవిడ అప్పు కూడా అక్కడిదే. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఊపిరితిత్తులు, అని ఊరుకుంది.

మాకు ముందున్నవాళ్ళ సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఒక ముసలి జంట, ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నారు. కట్టింది 1,450 డాలర్లు. పెన్షను తీసుకుని పోలండ్ వెళ్ళిపోయారు. 2004లో పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరాక ఇక్కడికి కొత్తగా వచ్చేవాళ్ళు తగ్గి, తిరిగి వెళ్ళేవాళ్ళు పెరిగారు. ఇళ్ళున్నవాళ్ళు అమ్ముకుని న్యూజెర్సీకో, క్వీన్స్‌లోని మాస్పెత్, రిడ్జ్‌వుడ్ వైపో పోతున్నారు. ఇళ్ళు లేనివాళ్ళకు అద్దెలే చాలు వెళ్ళగొట్టడానికి. 1,450 నుంచి 3,400. ఆ తేడా కట్టగలిగే మేం రావడం వల్లే ఈ పేట పలచబడుతోందన్న ఆలోచన వంతెన మీద నడుస్తున్నప్పుడల్లా వస్తుంది. ఇల్లు వద్దనుకోవడానికి మాత్రం అది చాలలేదు. వద్దనుకున్నా ఆ వాటా ఎలాగూ మరో పోలిష్ కుటుంబానికి వెళ్ళేది కాదని సర్దిచెప్పుకున్నాను. అది నిజమే, అయినా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు.

'నచ్చింది, ఎప్పుడు చెబుతారు?' అని అడిగాను. వచ్చే ఆదివారం కుదరదంది. అక్టోబరు మొదటి ఆదివారం మన్‌హాటన్‌లో ఐదో ఎవెన్యూ మీద పులాస్కీ పెరేడ్, పోలిష్ వాళ్ళ ఊరేగింపు. 1937 నుంచీ జరుగుతోంది. పన్నెండో తేదీన మీ ఆయన్నీ పిల్లనూ తీసుకురండి, చూసి చెబుతానంది. జెర్సీ సిటీ గడువేమో 30. అంటే ఇక్కడ మాట ఖాయం కాకుండానే అక్కడ ఖాళీ చేస్తామని రాసివ్వాలి. మావారు వద్దన్నారు. నేను రాసిచ్చేశాను. ఆ రెండు వారాలు ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

ఆ ఎదురుచూపులో చేసిన మంచిపని ఒకటే, నేల గురించి చదవడం. గ్రీన్‌పాయింట్‌లో ఇల్లు చూసేవాళ్ళు ఇది తప్పకుండా చేయండి. ఇక్కడి చమురు శుద్ధి కర్మాగారాల నుంచి దశాబ్దాల తరబడి చమురు నేలలోకి ఇంకింది. 1978లో తీర రక్షక దళం హెలికాప్టరు న్యూటౌన్ క్రీక్ మీద తెట్టు చూసేదాకా అది బయటపడలేదు. ఇంకింది 1.7 కోట్ల గాలన్లని ఒక అంచనా, 3 కోట్లని మరొకటి. ఆ పాయను 2010లో కేంద్రప్రభుత్వం శుభ్రం చేయాల్సిన సూపర్‌ఫండ్ జాబితాలో చేర్చారు. దానికి తోడు పాత కర్మాగారాలు, డ్రైక్లీనింగ్ కొట్ల ద్రావకాలు మీకర్ ఎవెన్యూ చుట్టుపక్కల నేలలో ఉన్నాయి. అదీ 2022లో అదే జాబితాకెక్కింది. ఆ ద్రావకాల ఆవిరి నేలమాళిగల్లోంచి ఇళ్ళలోకి వచ్చే ప్రమాదముంది కాబట్టి, ఆ హద్దులో ఉన్న ఇళ్ళలో ప్రభుత్వమే ఉచితంగా గాలి పరీక్ష చేస్తుంది. చిరునామా వేసి చూస్తే మా వీధి దాకా రాకుండానే హద్దు ఆగింది. అయినా కూతురిని అడిగాను. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. 'మేం పుట్టి పెరిగింది ఇక్కడే. మీరు అడగకపోతేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని' అంది.

పన్నెండో తేదీ పరీక్ష పాపకు జరిగిందనే చెప్పాలి. ఆవిడ ప్రిన్స్ పోలో అనే చాక్లెట్ బిస్కెట్టు ఇచ్చి, మెట్ల మీద గంతులేస్తుందా లేదా అని చూసింది. వేసింది. ఆవిడ నవ్వింది. 15న కూతురి సందేశం: 'అమ్మ సరేనంది.' సెప్టెంబరు 13 నుంచి నెల మీద రెండు రోజులు. టవరులో రెండు రోజుల పని.

ఆ తర్వాత కాగితాలు. ఉద్యోగాల ఉత్తరాలు, మూడు నెలల బ్యాంకు లెక్కలు, పాత ఇంటివాళ్ళ ఉత్తరం, క్రెడిట్ రిపోర్టు. ఆ రిపోర్టు తెప్పించడానికి ఇంటివాళ్ళు 20 డాలర్ల కంటే ఎక్కువ తీసుకోకూడదు. నెల లోపల తీసిన రిపోర్టు మన దగ్గరుంటే అదీ అక్కర్లేదు. మాది మేమే ఇచ్చాం. అడ్వాన్సు రెండు నెలలది కావాలని ఆవిడ, ఒక నెలకు మించి తీసుకోవడం 2019 నుంచి చట్టవిరుద్ధమని కూతురు, ఇద్దరూ మా ముందే పోలిష్‌లో వాదించుకున్నారు. మేం గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాం. కూతురే గెలిచింది.

19న, దీపావళికి ముందురోజు, సంతకాలు. బూందీ లడ్లు పట్టుకెళ్ళాను. అగ్రిమెంటు నాలుగు పేజీలే, దాని వెనక తాఖీదులు మాత్రం పెద్ద కట్ట. చదవకుండా సంతకం పెట్టేవాళ్ళ కోసం ముఖ్యమైనవి చెబుతాను. పదేళ్ళు, అంతకు తక్కువ వయసు పిల్లలుంటే కిటికీలకు ఊచలు ఇంటివాళ్ళే బిగించాలి. 1960కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్ళలోపు పిల్లలుంటే సీసం కలిసిన రంగు గురించి జాగ్రత్తలు తీసుకోవాలి. కూతురు పరీక్ష చేయించిన రిపోర్టు చూపించింది, ఒక్క తలుపు చట్రం మాత్రం గీకి మళ్ళీ రంగేశారు. అన్నిటికంటే మింగుడుపడనిది మరో కాగితం. 2024లో వచ్చిన అద్దెదారుల రక్షణ చట్టం పది వాటాలకు మించని చిన్న యజమానులకు వర్తించదు. అంటే ఏడాది తిరిగాక ఆవిడ వద్దంటే మేం కదలాల్సిందే. అద్దెకు పరిమితీ లేదు. 5 శాతమో అంతకంటే ఎక్కువో పెంచాలన్నా, ఇక ఇవ్వనన్నా ముందుగా చెప్పాలన్నదొక్కటే మాకున్న హక్కు. ఆవిడ మంచితనమే మా అగ్రిమెంటు.

తాళాల తేదీ దగ్గర పెద్ద చిక్కొచ్చింది. అగ్రిమెంటు నవంబరు 1 నుంచి. ఆ రోజు శనివారం. కానీ అది వాళ్ళకు సకల పునీతుల పండుగ. ఇంటిల్లిపాదీ శ్మశానానికి వెళ్ళి సమాధులు తుడిచి, పువ్వులు పెట్టి, గాజు చిమ్నీల్లో దీపాలు వెలిగిస్తారు. 'ఆ రోజు నేను ఎవరికీ తాళాలు ఇవ్వను, నా భర్త దగ్గర ఉంటాను' అంది. మా వైపు కాకినాడ నుంచి అత్తయ్య గారు: ఆ రోజు కార్తిక శుద్ధ ఏకాదశి, పాలు పొంగించడానికి అంతకంటే మంచి రోజు లేదు, దాటనివ్వొద్దు. ఇద్దరు పెద్దవాళ్ళ పంచాంగాల మధ్య నేను. చివరికి కూతురే శుక్రవారం సాయంత్రం తాళాలిచ్చేలా చూసింది. ఆ సాయంత్రం హాలోవీన్. మన్‌హాటన్ ఎవెన్యూ నిండా దయ్యాలూ మంత్రగత్తెలూ, కొట్టుకొట్టుకూ తిరిగే పిల్లలు. మా పాప తాళాల సంగతి మరిచిపోయి మిఠాయిలు పోగేసుకుంది.

శనివారం తెల్లవారి దేవుడి పటం, పసుపు, ఉప్పు, బియ్యం పట్టుకుని ముగ్గురం ముందు వెళ్ళాం. వంటింటి బల్ల మీద ఒక గుండ్రటి రొట్టె, చిన్న గిన్నెలో ఉప్పు అప్పటికే ఉన్నాయి. కొత్తగా ఇంట్లో చేరేవాళ్ళకు వాళ్ళు పెట్టేది. పాలు తూర్పు వైపు పొంగాయి, పొగ పసిగట్టే యంత్రం మోగింది. ఆవిడ కొవ్వొత్తుల సంచీతో మెట్ల కింద నిలబడి, ఏమైందని అరిచింది. 'ఏం కాలేదు, కావాలనే పొంగించాం' అని మావారు పైనుంచి చెప్పారు. ఆవిడ ఆ జవాబు గురించి శ్మశానం దాకా ఆలోచించే ఉంటుంది.

సామాన్ల లారీ వాళ్ళు పదింటికి వచ్చారు. ఇరుకు మెట్లు, సోఫా పట్టలేదు, అక్కడే అమ్మేశాం. మిగిలిన పెట్టెలు ఆదివారం మా కారులో తెచ్చుకుందామనుకున్నాం. నవంబరు మొదటి ఆదివారం న్యూయార్క్ మారథాన్. ఆ పరుగు సరిగ్గా మన్‌హాటన్ ఎవెన్యూ మీదుగా వచ్చి పులాస్కీ వంతెన ఎక్కుతుంది. సగం దూరం గుర్తు ఆ వంతెన మీదే. మధ్యాహ్నం దాకా వీధులు దాటడమే కష్టమైంది. పెట్టెలు ఇంకో వారం జెర్సీలోనే ఉన్నాయి.

ఖర్చులు అడిగేవాళ్ళకు: మొదటి నెల అద్దె, అడ్వాన్సు కలిపి 6,800. లారీకి బక్షీసుతో 1,250. కరెంటు కాన్ ఎడిసన్, గ్యాసు నేషనల్ గ్రిడ్, రెండిటికీ విడివిడిగా ఖాతాలు తెరవాలి. అద్దె ఆవిడకు కాగితం చెక్కుగానే కావాలి, ఫోనులో పంపితే ఒప్పుకోదు. మా దగ్గర చెక్కు పుస్తకమే లేదు. తెప్పించుకోవడానికి పది రోజులు పట్టింది, మొదటి నెలకు బ్యాంకుకు వెళ్ళి రాయించుకొచ్చాం. ఉతుకు కోసం వీధి చివర లాండ్రీకి వారానికి దాదాపు 20 డాలర్లు.

జెర్సీ సిటీలో మనవాళ్ళ దుకాణాలుండే నెవార్క్ ఎవెన్యూ పక్కన బతికినవాళ్ళకు ఇక్కడ చింతపండు దొరక్కపోవడం చిన్న కష్టం కాదు. జీ రైలెక్కి కోర్ట్ స్క్వేర్‌లో 7వ నంబరు రైలుకు మారి జాక్సన్ హైట్స్ వెళ్ళాలి. జీ రైలు మన్‌హాటన్‌లో అడుగే పెట్టదు, పొట్టిది కూడా. ప్లాట్‌ఫారం చివర నిలబడితే పరుగెత్తాల్సిందే. శాకాహారులు హోటళ్ళలో జాగ్రత్తగా ఉండాలి. బంగాళాదుంప, జున్ను పెట్టి ఉడికించిన కజ్జికాయల్లాంటి పియెరోగి శాకాహారమే, కానీ పైన వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లుతారు. ముందే వద్దని చెప్పాలి. బంగాళాదుంప అట్లు, జున్ను చుట్టిన పలచటి నలేష్నికి అట్లు గుడ్డు తినేవాళ్ళు తినొచ్చు. ఉప్పునీళ్ళలో పులిసిన దోసకాయలు ముద్దపప్పులో నంజుకుంటే ఎలా ఉంటాయో మా ఇంటికొచ్చినవాళ్ళకు చూపిస్తున్నాను. ఎవరూ వద్దనలేదు.

చలికి భయపడ్డాం. అక్టోబరు 1 నుంచి మే 31 దాకా, బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే పగలు ఇంట్లో కనీసం 68 ఉండేలా ఇంటివాళ్ళే వేడినివ్వాలి, రాత్రి 62. మా ఇంట్లో చిక్కు రెండోవైపు నుంచి వచ్చింది. ఆవిరి రేడియేటర్లు బుసకొడుతూ గదిని 78 దాకా తీసుకెళతాయి. జనవరిలో కిటికీ తెరిచి పడుకుంటున్నాం. తగ్గించమంటే ఆవిడకు అర్థం కాలేదు. వెచ్చదనం ఎక్కువైందని ఫిర్యాదు చేసినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరట.

డిసెంబరు 24 రాత్రి, క్రిస్మస్ ముందురోజు చేసే విగిలియా భోజనానికి ఇంటావిడ పిలిచింది. 'మాంసం ఉండదు, భయం లేదు' అని మరీ మరీ చెప్పింది. వెళితే బల్లమీద కార్ప్ చేప, హెర్రింగ్ చేప. వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. మేం బీట్‌రూట్ చారు, క్యాబేజీ పుట్టగొడుగుల పియెరోగి, గసగసాల రొట్టెతో కడుపు నింపుకున్నాం. భోజనానికి ముందు పలచటి తెల్లటి అప్పంలాంటిది తలా ఒకటి ఇచ్చారు. ఒకరిదాంట్లో ఒకరు ముక్క తుంచుకుని తింటూ మంచి కోరుకోవాలి. బల్ల దగ్గర ఒక కంచం ఖాళీగా ఉంచుతారు, పిలవకుండా వచ్చే అతిథి కోసం. పైన ఉండే తాపీమేస్త్రి ఊరికి వెళ్ళే విమానం తప్పిపోయి తొమ్మిదింటికి వచ్చి ఆ కంచం ముందు కూర్చున్నాడు. ఖాళీ కంచానికి నిజంగా మనిషి రావడం తను పుట్టాక ఇదే మొదటిసారని కూతురు అంది.

జనవరిలో పాప కిండర్‌గార్టెన్ దరఖాస్తు పెట్టాం. నార్మన్ ఎవెన్యూలోని పీఎస్ 34 అనే ప్రభుత్వ బడిలో 2015 నుంచి పోలిష్, ఇంగ్లిష్ రెండు భాషల్లో చెప్పే తరగతులున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఇంగ్లిష్ ఉండగా మూడోది ఎందుకని మావారు. కింద ఆవిడతో మాట్లాడుతుందని నేను. పాప అప్పటికే పోలిష్‌లో పది దాకా లెక్కపెడుతోంది, తెలుగులో ఎనిమిది దగ్గర ఆగుతోంది. ఈ సంగతి అత్తయ్య గారికి ఇంకా చెప్పలేదు. ఆ తరగతిని రెండో స్థానంలో పెట్టి పంపాం, ఫలితం వసంతంలో వస్తుంది.

ఫిబ్రవరి 12న, ఉపవాసాల ముందు వచ్చే కొవ్వు గురువారం నాడు, పొంచ్కి కోసం రొట్టెల దుకాణం ముందు లైను మూల తిరిగిపోయింది. గులాబీ జామ్ నింపి నూనెలో వేయించినవి. కౌంటరులో ఆవిడ నన్ను గుర్తుపట్టి, ఇల్లు బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. కిటికీకి ఇప్పుడు మరో చేతిరాత కాగితం ఉంది. మా పక్కవీధిలో ఒక పడకగది, మార్చి నుంచి. ఎవరికైనా కావాలంటే ఫోను చేసి ఊరుకోకండి. నంబరు కౌంటరులో ఇచ్చి, ఆదివారం దాకా ఆగండి.